పురిటికొచ్చిన మా అమ్మాయికి చెబుతున్నవి

మా అమ్మాయి తొలికాన్పుకి పుట్టింటికి వచ్చింది. ఏఎన్ఎంగా పల్లెల్లో చాలా ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను కనుక దానికి రోజూ ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను. నెలలు నిండిన మిగతా ఆడపిల్లలకూ పనికొస్తాయని ఇక్కడ రాస్తున్నాను.

ఇంటికొచ్చినవాళ్లంతా ముందు అడిగేది "డేట్ ఎప్పుడిచ్చారు?" అని. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి 280 రోజులు లెక్కవేసి ఇచ్చే తేదీ అది. సరిగ్గా ఆ రోజున కనేవాళ్లు నూటికి నలుగురైదుగురే. ఆ రోజు దాటగానే కంగారు పడొద్దు, కానీ చెకప్ మాత్రం మానొద్దు.

మా వియ్యపురాలు కాన్పు ఆపరేషన్‌కి ముహూర్తం పెట్టించుకొచ్చింది. "ఆ రోజుకి 38 వారాలు కూడా నిండవు వదినా, ఒప్పుకోను" అన్నాను. అవసరమైతే ఆపరేషన్ ప్రాణం నిలబెడుతుంది, దానికి నేను ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. కారణమేమీ లేకుండా 39 వారాలలోపు కోసి తీస్తే మాత్రం బిడ్డ ఊపిరికి ఇబ్బంది పడే ప్రమాదం ఎక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో నూటికి 60 కాన్పులు ఆపరేషన్లే. ఆ అంకె చూస్తే నాకు బాధేస్తుంది.

నెలలు నిండే ఈ రోజుల్లో బిడ్డ తల కిందికి దిగుతుంది. ఆయాసం తగ్గి నాలుగు ముద్దలు ఎక్కువ తినగలుగుతారు గానీ మాటిమాటికీ ఒంటేలుకి లేవాలి. వెల్లకిలా పడుకోవద్దు, పక్కకి తిరగండి. సాయంత్రాలు పొట్ట గట్టిపడి వదిలేస్తుంటే అవి దొంగనొప్పులు. కాసేపు నడిచినా, నీళ్లు తాగి పడుకున్నా సర్దుకుంటాయి. అసలు నొప్పులు అలా కావు. ఎక్కువగా నడుములో పుట్టి ముందుకొస్తాయి, రానురాను బలం పెరుగుతుంది, మధ్యలో ఎడం తగ్గుతుంది. ఐదు నిమిషాలకొకటి చొప్పున గంటసేపు వస్తే బయల్దేరాలి. ఆసుపత్రి దూరమైతే అంతదాకా కూడా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

జిగురులో కాస్త రక్తపు చార కనిపిస్తే భయం లేదు. రక్తం ధారగా పోయినా, ఉమ్మనీరు పోయినా నొప్పుల కోసం ఎదురుచూడొద్దు. తగ్గని తలనొప్పి, కళ్లు మసకలు, రొమ్ముల కింద నొప్పి, ఉన్నట్టుండి ముఖం ఉబ్బడం బీపీ పెరిగిందనడానికి గుర్తులు. ఊరుకుంటే గుర్రపువాతం (ఫిట్స్) దాకా పోతుంది. అరచేతులు, అరికాళ్లు రాత్రిళ్లు విపరీతంగా దురద పెడితే కాలేయం పరీక్ష అడగండి.

అన్నిటికంటే ముఖ్యమైనది బిడ్డ కదలిక. "నెలలు నిండాక లోపల చోటుండదు, కదలడం తగ్గుతుందిలే" అని పెద్దవాళ్లే చెబుతుంటారు. అది నమ్మొద్దు. తన్నులు పోయి దొర్లినట్టు అనిపించవచ్చు గానీ కదలడం మాత్రం తగ్గకూడదు. అనుమానమొస్తే ఏదైనా తిని ఎడమ పక్కకి పడుకుని లెక్కపెట్టండి. రెండు గంటల్లో పది కదలికలు రాకపోతే తెల్లారేదాకా చూడొద్దు, అప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. అంతా బాగుందని చెప్పి వెనక్కి పంపినా సరే, మళ్లీ తగ్గితే మళ్లీ వెళ్లండి.

తల్లీబిడ్డ కార్డు, స్కాన్ కాగితాలు, ఆధార్, ఉతికి ఎండబెట్టిన పాత నూలుచీరలు ఒకే సంచిలో సర్ది తలుపు పక్కన పెట్టాను. కదలిక గురించి మాత్రం మా అమ్మాయికి రోజూ పడుకునే ముందు చెబుతున్నాను: తేడా అనిపిస్తే ఏ వేళైనా నన్ను లేపు, నిద్ర పాడవుతుందని చూడకు.