లక్క గిన్నెలో మద్యం పోయకండి

విశాఖలో మేడ మీద, సముద్రపు గాలిలో చిన్నపాటి కాక్‌టెయిల్ పార్టీ ఇచ్చేటప్పుడు పానీయాల సంగతి చూసుకోవడానికి నలుగురూ ముందుకు వస్తారు. పాత్రల బాధ్యత మాత్రం మా స్నేహితులలో తరచుగా నాకే అప్పగిస్తారు. అది నాకు ఇష్టమైన పనే.

పాత్రలు కొత్తగా కనిపించాలన్న ఉత్సాహంలో చాలామంది అతిథి చేతుల గురించి ఆలోచించరు. ఇలాంటి విందులో వచ్చినవారు ఎక్కువసేపు నిలబడే ఉంటారు, ఒక చేతిలో గ్లాసు ఎప్పుడూ ఉంటుంది. కనుక వడ్డించేది ఏదైనా రెండో చేత్తో అందుకుని ఒక్కసారిగా నోట్లో వేసుకునేలా ఉండాలి. చెంచా, ఫోర్కు అవసరమయ్యే పెద్ద పళ్లెం ఎంత అందంగా ఉన్నా అక్కడ బరువే.

అలంకారం అనగానే నాకు మొదట గుర్తుకు వచ్చేది అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక. అక్కడి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కళాకారులు గిన్నెలు, డబ్బాలు, పళ్లేలు కూడా చేస్తారు. గిర్రున తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని అదిమి పట్టుకుంటే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు నున్నగా అంటుకుంటుంది. మనం పడవలసిన జాగ్రత్త కూడా ఈ పనితనంలోనే ఉంది. రాపిడి వేడికే కరిగే పూత, అప్పుడే నూనెలోంచి తీసిన రొయ్యల వేపుడుకు తట్టుకోదు. పైగా లక్క ఆల్కహాల్‌లో కరుగుతుంది. చెక్క సామానుకు పాలిష్ పట్టేవారు లక్కను స్పిరిట్‌లో కరిగించే వాడతారు. అందుచేత ఆ గిన్నెలలో జీడిపప్పు, వేయించిన పల్లీలు, కారప్పూస వంటి పొడి పదార్థాలు మాత్రమే పెట్టాలి. వాటిని నీళ్లలో నానబెట్టకుండా మెత్తని పొడి గుడ్డతో తుడిచి దాచుకోవాలి.

రాగి గ్లాసుల విషయంలోనూ ఇలాంటి చిక్కే ఉంది. వోడ్కాలో నిమ్మరసం, అల్లం సోడా కలిపే మాస్కో మ్యూల్ అనే కాక్‌టెయిల్‌ను రాగి మగ్గులో ఇవ్వడం ఆనవాయితీ, కానీ పులుపు రాగిని కరిగించి పానీయంలోకి దింపుతుంది. లోపల స్టీలు పొరగాని, మంచి కళాయిగాని ఉన్న మగ్గునే ఎంచుకోవాలి. ఇంట్లో పాత ఇత్తడి గంగాళం ఉంటే మంచు గడ్డలు నింపి సోడా సీసాలు చల్లబరచడానికి దానికి మించినది లేదు. పానీయంలో వేసే ఐసును మాత్రం మూత ఉన్న స్టీలు డబ్బాలో విడిగా ఉంచడం మంచిది.

వేడి వంటకాలకు నా ఓటు అడ్డాకు దొన్నెలకే. ఏజెన్సీ అడవుల నుంచి వచ్చే ఈ ఆకులు వేడికి జంకవు. మరీ ఎండిపోయి పెళుసుగా ఉంటే కొంచెం నీళ్లు చిలకరించి కాసేపు ఉంచితే మెత్తబడతాయి. కుట్టిన పుల్లలు పైకి పొడుచుకు రాలేదని మాత్రం ఒక్కొక్కటి చూసుకోవాలి. ఆర్కే బీచ్‌లో కాగితం పొట్లంలో తినే ముంత మసాలాను ఇందులో పెడితే అతిథులు ముచ్చటపడతారు. అయితే మన ఊరి తేమకు మరమరాలు క్షణాల్లో మెత్తబడతాయి కనుక కొద్దికొద్దిగా కలపాలి. గాలికి దొన్నెలు ఎగిరిపోకుండా వెదురు చేటలో పేర్చి తిప్పితే చూపుకూ బాగుంటుంది. నోములకు వాడే చేటలో చికెన్ ఏమిటని మా అత్తగారు కళ్లెర్రజేస్తారు కాబట్టి, నేను అందుకోసం వేరే చేటలే కొని పెట్టుకున్నాను.

గాజు గ్లాసులలో మరీ ప్రయోగాలు అక్కరలేదు. ఐసు లేకుండా ఇచ్చే పానీయాలకు కాడ ఉన్న గ్లాసు కావాలి, ఎందుకంటే చేతి వెచ్చదనం పానీయానికి తగలదు. సోడా కలిపే వాటికి పొడవాటి గ్లాసు చాలు. సముద్రపు తేమకు చల్లని గ్లాసు ఇట్టే చెమర్చి బల్లంతా తడి చేస్తుంది, కాబట్టి నీటిని పీల్చుకునే నార చాపముక్కలను అడుగున పరచాలి. గ్లాసు ఎక్కడో పెట్టి మరిచిపోయి కొత్తది అడిగేవారు ప్రతి విందులోనూ ఉంటారు. అందుకు ఏటికొప్పాక రంగు పూసలను దారంతో కాడకు కట్టి, ఒక్కొక్కరికి ఒక్కో రంగు ఇస్తాను. మద్యం ముట్టనివారికి కూడా మాక్‌టెయిల్‌ను అదే రకం గ్లాసులో, అలాంటి పూసతోనే అందిస్తాను. అప్పుడు ఎవరు ఏమి తాగుతున్నారో ఆరా తీసే అవకాశం ఎవరికీ ఉండదు.