నూలుపోగులు చూపించిన గాలి
నా కారుకు కంపెనీ నుంచే వచ్చిన వెనక రెక్క నిజంగా పనిచేస్తుందా? ఈ ప్రశ్న చాలాకాలంగా నన్ను వదలడం లేదు. నిన్న రెక్క మీద వరుసగా నూలుపోగులు అతికించాను. తమ్ముడు నడుపుతుంటే పక్క కారులో కూర్చుని వీడియో తీశాను. అంచుల్లోని పోగులు తిన్నగా వెనక్కి సాగాయి. నడిమివి మాత్రం దిక్కుతోచనట్టు కొట్టుకున్నాయి. పైకప్పు దాటిన గాలి అక్కడికి వచ్చేసరికే చెదిరిపోతోంది!

మామూలు కార్ల రెక్కల్లో చాలావాటి పని కారును నేలకు అదమడం కాదు, వెనక భాగం పైకి తేలిపోవడాన్ని తగ్గించడం. 1972లో పోర్షే కంపెనీ తన కరెరా ఆర్‌ఎస్ స్పోర్ట్స్ కారుకు ‘బాతుతోక’ (వెనక పైకి లేచిన అంచు) పెట్టిందీ అందుకే. అదీ చిన్న మేలేమీ కాదు. వేగం రెట్టింపైతే ఆ తేల్చే బలం నాలుగింతలవుతుంది మరి.

ఈసారి పోగులను రెక్క అడుగున అంటిస్తాను. అసలు పని జరిగేది అక్కడే.