పెల్లెట్ స్టవ్ పదే పదే ఆరిపోతుంటే: నా అనుభవం

న్యూ హాంప్‌షైర్‌లో మేం కొన్న ఇంట్లో ఆయిల్ బాయిలర్‌తో పాటు హాల్లో ఒక పెల్లెట్ స్టవ్ కూడా ఉంది. రంపపు పొట్టును గట్టిగా ఒత్తి, సుమారు 6 మిల్లీమీటర్ల లావున చేసిన గుళికలు దానికి ఇంధనం. వెనక ఉన్న హాపర్‌లో బస్తా పోస్తే, ఆగర్ అనే మర కొద్దికొద్దిగా వాటిని బర్న్ పాట్‌లోకి, అంటే మంట మండే చిల్లుల గిన్నెలోకి జారుస్తుంది. జనవరిలో బయట మైనస్ 15 ఉన్న రోజుల్లో మా ఇల్లంతటికీ హాయైన చోటు ఆ స్టవ్ ముందే. ఆ చలికాలం అత్తయ్యగారు కరీంనగర్ నుంచి వచ్చి మాతోనే ఉన్నారు. సరిగ్గా అప్పుడే అది మొరాయించింది.

వెలిగేది, కానీ మంటలో చురుకు లేదు. ముదురు నారింజ రంగులో, పైకి సాగుతూ, కొసన పొగ కక్కుతూ ఉండేది. తలుపు అద్దం గంటలోపే నల్లబడేది. కాసేపటికి ఎర్ర లైటు వెలిగి మొత్తం ఆగిపోయేది. సర్వీసు వాళ్లకు ఫోన్ చేస్తే కొన్ని వారాల తర్వాతి తేదీ ఇచ్చారు. ఈయన ఆఫీసు పని మీద వేరే ఊళ్లో ఉన్నారు. పెద్దావిడకు చలి తగులుతుందని నాకు టెన్షన్. మాన్యువల్ ముందేసుకుని కూర్చున్నాను.

ముందు సులువైనవి చూశాను. హాపర్ నిండుగానే ఉంది, మూత స్విచ్ పడుతోంది, పెల్లెట్లు పాట్‌లో పడుతున్న చప్పుడు వినిపిస్తోంది. వెలుగుతోంది కాబట్టి ఇగ్నైటర్ బాగున్నట్టే. పెల్లెట్లు తడిస్తే ఉబ్బి పొడి అయిపోతాయి. మావి తడి లేకుండా, నిగనిగలాడుతూ, చేత్తో విరిస్తే టక్కున విరుగుతున్నాయి.

స్టవ్ ప్లగ్ తీసి, పూర్తిగా చల్లారాక బర్న్ పాట్ బయటికి తీశాను. అడుగున బూడిద కరిగి చిట్టెంలా గట్టిపడి రంధ్రాలను సగానికి పైగా మూసేసింది. పెల్లెట్లలో మట్టి, బెరడు ఎక్కువైతే ఇలా కడుతుంది. స్క్రూడ్రైవర్‌తో పెళ్లగించి, ఒక్కో రంధ్రం తెరిచి మళ్లీ వెలిగించాను. మంట కొంచెం పసుపుకు తిరిగింది గానీ మునుపటిలాగే ఆగిపోయింది.

అత్తయ్యగారు పక్కనే కుర్చీ వేసుకుని అంతా చూస్తున్నారు. "మా చిన్నప్పుడు పొట్టు పొయ్యి ఉండేది అమ్మాయ్. పొట్టు కూరేటప్పుడు మధ్యలో రోకలి నిలబెట్టి తీసేవాళ్లం. ఆ బొక్క పూడిందంటే పొగే తప్ప మంట ఉండేది కాదు. దీనికి గాలి ఎటు నుంచి వస్తుందో, ఎటు పోతుందో చూడు" అన్నారు.

నాకు దారి చూపింది ఆ మాటే. మా స్టవ్‌లో మంటకు గాలి ఊదే ఫ్యాన్ లేదు. పొగను బయటికి లాగే బ్లోయర్ ఉంది, అది లాగినకొద్దీ బర్న్ పాట్ రంధ్రాల గుండా కొత్త గాలి వస్తుంది. గదిలోకి వేడిని తోసే బ్లోయర్ వేరు, దానికీ మంటకూ సంబంధం లేదు. లోపలి లాగుడు తగ్గితే వాక్యూమ్ స్విచ్ గుర్తుపట్టి ఆగర్‌కు కరెంటు ఆపేస్తుంది. పెల్లెట్లు పడక మంట చచ్చిపోతుంది. అంటే నల్ల అద్దం, సోమరి మంట, ఎర్ర లైటు మూడూ ఒకే జబ్బు లక్షణాలు.

వాక్యూమ్ స్విచ్‌కు వైరు కలిపి దాన్ని దాటవేసి నడిపేవాళ్లు ఉన్నారని విన్నాను. దయచేసి ఆ పని చేయకండి. పొగ, కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి రాకుండా కాపలా కాసేది అదే. దానికి వెళ్లే రబ్బరు గొట్టాన్ని మాత్రం స్విచ్ వైపు ఊడదీసి, పగుళ్లు ఉన్నాయేమో చూసి, స్టవ్ వైపుకు ఊదాను. స్విచ్‌లోకి ఊదితే లోపలి పలచటి పొర పాడవుతుంది. గొట్టం శుభ్రంగానే ఉంది. తర్వాత తలుపు గాస్కెట్, అంటే అంచు చుట్టూ గాలి చొరకుండా ఉండే పట్టీ. ఒక డాలర్ నోటు పెట్టి తలుపు బిగించి లాగితే చుట్టూ గట్టిగానే పట్టింది. అక్కడ గాలి కారడం లేదు.

ఇక మిగిలింది పొగ పోయే దారి. మంట వెనకున్న పలకలు విప్పి టార్చి వేసి చూస్తే అసలు విషయం బయటపడింది. పలకల వెనక సందుల్లో తేలికైన బూడిద మెత్తగా దట్టించినట్టు నిండిపోయి ఉంది. ఏళ్ల తరబడి ఎవరూ అక్కడిదాకా వెళ్లలేదని చూస్తేనే తెలుస్తోంది. రోజూ ఊడ్చే చోట కనిపించదు కాబట్టి పైపైన శుభ్రంగానే అనిపిస్తుంది. బూడిద కోసమే అమ్మే వాక్యూమ్‌తో లాగాను. మామూలు వాక్యూమ్ క్లీనర్‌లోకి ఒక్క నిప్పురవ్వ పోయినా అంటుకుంటుంది. సన్నని బ్రష్ దూర్చి, పలకలను రబ్బరు సుత్తితో తడుతూ ఉంటే ఇంకా ఇంకా రాలింది. బయట గొట్టం మలుపు దగ్గరున్న మూత తీస్తే అక్కడా అదే కథ. బ్లోయర్ రెక్కలకు మసి పేరుకుంది. దాన్ని విప్పితే మధ్యలోని గాస్కెట్ కొత్తది వేయాలని మాన్యువల్‌లో ఉంది. అందుకే తెప్పించి దగ్గర పెట్టుకున్నాకే విప్పి, రెక్కలు ఒక్కొక్కటీ గీకాను.

అన్నీ బిగించి స్విచ్ నొక్కాను. కొన్ని నిమిషాలకు పాట్‌లో మంట చురుగ్గా, తెల్లటి పసుపు రంగులో ఎగిరింది. పెల్లెట్లు గాలికి గంతులు వేస్తున్నాయి. రాత్రంతా ఆగలేదు. తెల్లారి అద్దం మీద పలచటి బూడిద రంగు పొర తప్ప మసి లేదు. అత్తయ్యగారు శాలువా తీసి కుర్చీ మీద వేశారు.

ఆ సీజన్‌లోనే ఇంకో తంటా వచ్చింది. హాపర్ నిండుగా ఉన్నా పెల్లెట్లు పడటం ఆగిపోయింది. అది మాత్రం తేలికగానే తేలింది. బస్తాల అడుగున చేరే రజను ఆగర్ నోటి దగ్గర గట్టిగా పేరుకుంది. హాపర్ ఖాళీ చేసి అడుగంతా లాగేస్తే సరిపోయింది. ఇప్పుడు బస్తా కొనేటప్పుడు దాని మీద ఉన్న ప్రమాణాలు చూస్తాను. అమెరికాలో ప్రీమియం రకం అంటే బూడిద 1 శాతానికి, రజను 0.5 శాతానికి, తేమ 8 శాతానికి మించకూడదు. 50 బస్తాలు, అంటే ఒక టన్ను ఒకేసారి కొనేముందు రెండు మూడు రకాలు ఒక్కో బస్తా కాల్చి, పాట్‌లో చిట్టెం ఎంత కడుతోందో చూసుకోవడం మంచిది.

కరెంటు పోతే పొగ లాగే బ్లోయరూ ఆగి, పాట్‌లో మిగిలిన నిప్పు గదిలోకి పొగ వదులుతుంది. మంచు తుఫాన్లకు ఇక్కడ కరెంటు పోవడం మామూలే కాబట్టి స్టవ్‌కు ఒక యూపీఎస్ పెట్టాం. హాల్లోనూ పడకగదుల దగ్గరా కార్బన్ మోనాక్సైడ్ అలారాలు పెట్టాం. తీసిన బూడిదను మూత ఉన్న ఇనప డబ్బాలో, ఇంటికి దూరంగా, చెక్క డెక్ మీద కాకుండా నేల మీద ఉంచుతాం. లోపలి నిప్పుకణిక రోజుల తరబడి ఆరకుండా ఉండగలదు. సర్వీసు అపాయింట్‌మెంట్ ఇప్పుడు సెప్టెంబరులోనే తీసుకుంటున్నాం. ఫోన్‌లో తేదీతో పాటు "పలకల వెనక, గొట్టం చివరిదాకా శుభ్రం చేస్తారా?" అని కూడా అడుగుతాను.