గడియ లేని డ్యూటీ రూమ్

"గడియ ఊడిపోయింది సార్, తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నా." పొద్దున ఆసుపత్రిలో డ్యూటీ అప్పగించే హ్యాండోవర్‌లో ఒక పీజీ డాక్టర్ అమ్మాయి చెప్పేసింది, పొటాషియం రిపోర్ట్ చెప్పినంత మామూలుగా.

అప్పటికి ఆమె డ్యూటీ ఎక్కి 26 గంటలు. పీజీ డాక్టర్ల పనివేళలపై 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ నిబంధనల్లో ఏకబిగిన 12 గంటలు, వారానికి 48 అని ఉంటుంది. కాగితం మీద.

క్యాజువాల్టీలో గొడవ ఎక్కడ అంటుకుంటుందో పనిచేసినవాళ్లకి తెలుసు. పేషెంట్ పోయిన సంగతి కారిడార్‌లో, నిలబడి, ఇరవై మంది మధ్య, అందరికన్నా జూనియర్ చెప్పినప్పుడు. అది సీనియర్ చేయాల్సిన పని. దగ్గరివాళ్లు ఇద్దరిని పక్క గదిలోకి పిలిచి, కూర్చోబెట్టి, "చనిపోయారు" అనే మాటే వాడి, తర్వాత కాసేపు ఊరుకోవాలి. "సీరియస్‌గా ఉంది" అని నాన్చితేనే చిక్కు. డాక్టర్ కుర్చీ తలుపు వైపు ఉండాలి, ఇదీ మర్చిపోతారు.

డాక్టర్ మీద ఎవరైనా చెయ్యి చేసుకుంటే? 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న పీజీ డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగాక వచ్చిన కేంద్ర ఆదేశం ప్రకారం, 6 గంటల్లోగా సంస్థ తరఫున ఎఫ్ఐఆర్ పెట్టించే బాధ్యత సంస్థ అధిపతిది. దెబ్బలు తిన్న హౌస్ సర్జన్‌ది కాదు.

మధ్యాహ్నం గ్రూపులో ఒత్తిడి తగ్గించుకోవడంపై వెబినార్ లింక్ వచ్చింది. గడియ కావాలని ఆఫీసుకి ఇండెంట్ (సామాను కోరే పత్రం) పెట్టించాం.