తాడిపత్రి చీనీ తోటలో ఒక ఆకు కోసం

రోహిణి కార్తెలో తాడిపత్రి వెళ్తున్నానంటే ఇంట్లో అందరూ నవ్వారు. మా పిన్ని కూతురు పీహెచ్‌డీ పని మీద అక్కడి చీనీ తోటల్లో తిరుగుతోంది, తోడు రమ్మంది, నేను హైదరాబాద్‌లో రాత్రి బస్సెక్కేశాను. (చీనీని మేం బత్తాయి అంటాం, అక్కడ ఆ మాటంటే కొత్తవాడివని ఇట్టే పట్టేస్తారు.) పొద్దున ఎనిమిదికే వడగాలి మొహాన కొట్టింది.

ఎండకి ఆకు లోపల ఏం దెబ్బతింటుందో వెలుతురుతో కొలవడం తన పని. ఆకు మింగిన వెలుతురులో కొంత ఆహారం తయారీకి, కొంత వేడిగా పోతుంది, పిసరంత మాత్రం ఎర్రటి కాంతిగా బయటికొచ్చేస్తుంది. చీకట్లోంచి వెలుగులోకి తెచ్చిన ఆకులో ఆ ఎరుపు పెరిగి తగ్గడాన్ని 1931లోనే కౌట్‌స్కీ అనే శాస్త్రవేత్త కంటితో గమనించాడట. ఇప్పుడు ఆ ఎరుపును కొలిచే ఫ్లోరోమీటర్ అనే పరికరం ఉంది. ఆకుకి చిన్న క్లిప్పు పెట్టి, ఇరవై నిమిషాలు చీకట్లో ఉంచి, క్లిప్పు మూత జరిపి ఒక్క ఫ్లాష్ కొడితే అంకె వస్తుంది, ఆకు బాగుంటే 0.83 దరిదాపుల్లో, దెబ్బతింటే అంతకన్నా తక్కువ.

నేనేమో లోపల ఏముందో చూద్దామని మూత ముందే జరిపేశాను. "అన్నా! మళ్లీ ఇరవై నిమిషాలు!" అని అరిచింది. ఆ ఎండలో ఇరవై నిమిషాలంటే మాటలు కాదు.

మధ్యాహ్నం నీడలో ఆకు 0.81, ఎండలో ఆకు 0.64. తర్వాత చెట్టు మీదే ఉన్న ఒక ఆకును 50 డిగ్రీల వేడినీళ్ల ఫ్లాస్కులో పది నిమిషాలు ముంచి, కాడకి ఎర్రదారం కట్టాం. దానికి 0.2 కూడా రాలేదు. చూడ్డానికి మాత్రం పక్క ఆకుల్లాగే ఉంది.

"పచ్చగానే ఉండాది కదమ్మా, దానికేం రోగం?" అన్నాడు తోట పెద్దాయన. వేడికి ముందుగా పాడయ్యేవాటిలో నీటిని చీల్చి ఆక్సిజన్ వదిలే భాగం ఒకటి మామా, రంగుకి అప్పుడే ఏమీ కాదు, అని చెప్పింది. ఆయన ఆకును వేలితో నిమిరి ఊరుకున్నాడు.

మర్నాడు తెల్లారకముందే టార్చి పట్టుకుని వెళ్లాం, రాత్రంతా చీకట్లోనే ఉన్నాయి కాబట్టి ఇక ఎదురుచూపుల్లేవు. నిన్నటి ఎండ ఆకు 0.8కి తేరుకుంది. ఎర్రదారం ఆకు తేరుకోలేదు.

నేను బస్సెక్కేటప్పటికీ అది పచ్చగానే ఉంది. నాలుగో రోజు చెల్లి ఫొటో పంపింది, అంచులు మాడిన అట్టులా గోధుమ రంగుకి తిరిగాయి.