తొమ్మిదేళ్ల నిద్రమాత్ర

నాకు 71 ఏళ్లు. మా ఆవిడ పోయిన కొత్తలో రాత్రుళ్లు కన్ను మూతపడకపోతే క్లోనాజెపామ్ 0.5 మిల్లీగ్రాముల మాత్ర రాశారు, కొన్నాళ్లు వాడమని. ఆ కొన్నాళ్లు కాస్తా తొమ్మిదేళ్లయ్యాయి. బీపీ చూపించుకోవడానికి వెళ్లిన ప్రతిసారీ "పాతవే కంటిన్యూ చేయండి" అనేవారు. ఇది ఇంకా ఎందుకని వాళ్లూ అనలేదు, నేనూ అడగలేదు.

పోయినేడాది అర్ధరాత్రి బాత్రూమ్‌కి లేచి తూలి పడ్డాను. ఎముక విరగలేదు, అదృష్టం. మర్నాడు కోడలు నా మందుల డబ్బా ముందేసుకుని కూర్చుంది. "మామయ్యా, ఇది ఇన్నేళ్లు వాడేది కాదట" అంది. భయమేసి ఆ రాత్రే మానేశాను. అది పెద్ద తప్పు. మూడో రోజుకి చేతులు వణుకు, గుండెదడ, గోడ గడియారం చప్పుడు కూడా భరించలేనంత చిరాకు.

పెద్దవాళ్లకు వైద్యం చేసే డాక్టర్ గారొకరు ఓపిగ్గా చెప్పారు. ఈ మందు సగం ఒంట్లోంచి పోవడానికే 30, 40 గంటలు పడుతుందట, వయసు మీరినవాళ్లలో ఇంకా నెమ్మది. అందుకే పగలూ మగత, తూలు, మతిమరుపు. పెద్దవాళ్లకు వీలైనంతవరకు ఇవ్వకూడని మందుల పట్టిక ఒకటి 1991 నుంచీ ఉందట, ఈ రకం మాత్రలన్నీ అందులో ఉన్నాయట. కానీ ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చని గట్టిగా హెచ్చరించారు. మళ్లీ మొదలుపెట్టించి, నెలకో మెట్టు చొప్పున తగ్గించారు.

0.25 మాత్రను బ్లేడుతో సగం చేయడం ఎంత పనో! ఒక ముక్క పెద్దది, ఒకటి చిన్నది, మిగతాది పొడి. మాత్రలు కోసే చిన్న డబ్బా తెచ్చాకే కుదిరింది. మూడో మెట్టు దగ్గర వారం రోజులు నిద్ర లేదు. అక్కడే ఇంకో రెండు వారాలు ఆగమన్నారు, ఆగాను. మొత్తం ఏడు నెలలు.

మనసుకి సంబంధించిన మందులన్నీ ఇలాంటివే అనుకుని ఎవరూ ఆపేయకండి. డిప్రెషన్ మళ్లీ మళ్లీ వచ్చే నా స్నేహితుడు మందు ఏళ్లుగా వాడుతున్నాడు, అది అతనికి అవసరం.

ఇప్పుడు అయిదు గంటలు నిద్రపడుతోంది. తెల్లవారుజామున మెలకువ వస్తే మంచం అంచు పట్టుకుని కాసేపు కూర్చుని లేస్తాను. కాళ్లు నిలుస్తున్నాయి.