జ్యూరిక్‌లో అమ్మ, నేను, నీళ్లు

మా ఆఫీసులో నా పక్క సీటతని సొరుగులో చార్జర్ పక్కనే ఎప్పుడూ ఒక తువ్వాలు ఉంటుంది. స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌కి వచ్చిన తొలి వేసవిలో ఓ రోజు పన్నెండింటికి అది భుజాన వేసుకుని లేచాడు. భోజనానికేమో అనుకుని నేనూ వెంట నడిచాను. సరస్సు ఒడ్డుకి వెళ్లి, చొక్కా విప్పి, చెక్క బల్ల మీద నుంచి నీళ్లలోకి దూకేశాడు. చుట్టూ చూస్తే సగం మంది ఆఫీసుల వాళ్లే. ఒంటిగంటన్నర మీటింగ్‌లో తడి జుట్టుతోనే కూర్చున్నాడు. ఎవరూ వింతగా చూడలేదు.

ఇలా ఈత కొట్టే చోట్లని ఇక్కడ 'బాడి' అంటారు. సరస్సు పొడుగునా, సరస్సులోంచి బయటికొచ్చే లిమ్మట్ నది ఒడ్డునా చాలా ఉన్నాయి. లెట్టెన్ దగ్గర నదిలో ఈదడానికి టికెట్ కూడా అక్కర్లేదు. ఊరి నడిబొడ్డున నది మీద ఆడవాళ్లకి మాత్రమే ఒక పాత చెక్క బాడి ఉంది. అందులో పగలంతా ఆడవాళ్లే ఉంటారు. వేసవి సాయంత్రాలు అదే బార్‌గా మారుతుంది. అప్పుడు మగవాళ్లనీ రానిస్తారు కానీ చెప్పులు విప్పే రావాలి.

నేను కోనసీమ కాలువలో అరటిబోదె పట్టుకుని ఈత నేర్చుకున్నవాణ్ణి. తర్వాత హైదరాబాద్‌లో ఎనిమిదేళ్లు ట్యాంక్‌బండ్ మీదుగా ఆఫీసుకి వెళ్లాను. హుస్సేన్‌సాగర్‌లో వేలు ముంచుదామని ఒక్కనాడూ అనిపించలేదు. అందుకే ఈ సరస్సు నాకు అంత అపురూపం. ఇది కూడా ఒకప్పుడు మురుగుతో, నాచుతో పాడైనదే. మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లు కట్టారు. బట్టల సబ్బుపొడిలో నాచుని పెంచే ఫాస్ఫేట్ వాడకూడదని 1986లో దేశమంతా నిషేధం పెట్టారు. ఇవాళ ఊరు తాగే నీళ్లలో ఎక్కువ భాగం ఈ సరస్సువే. ఆ సంగతి తెలిశాక నాకు మన చెరువులన్నీ గుర్తొచ్చి మనసు ఆగలేదు.

2023 ఏప్రిల్‌లో అమ్మ వచ్చింది. వీధి మలుపులో రాతి తొట్టి, దాని మీద ఇత్తడి గొట్టంలోంచి ధారగా పడే నీళ్లు చూసి ఆగిపోయింది. ఊరంతా ఇలాంటివి 1,200కి పైగా ఉన్నాయనీ, తాగొచ్చనీ చెప్పాను. కొంగు బిగించి, దోసిలి పట్టి తాగింది. "ఏడాది పొడుగునా చలివేంద్రమే అన్నమాట, పుణ్యాత్ములురా!" అంది. ఆ రోజు నుంచి ఇంట్లో కుళాయి వదిలేసి, చెంబు పట్టుకుని అక్కడికే వెళ్లేది.

ఆ నెలలోనే వసంతం పండగ. సాయంత్రం ఆరు గంటలు కొట్టగానే, ఎత్తుగా పేర్చిన కట్టెల మీద నిలబెట్టిన దూది మంచుమనిషికి నిప్పు పెడతారు. గుర్రాల మీద పాతకాలపు వేషాల్లో ఉన్న వాళ్లు మంట చుట్టూ తిరుగుతారు. మంచుమనిషి తల నిండా టపాకాయలే. అది ఎంత త్వరగా పేలితే ఎండాకాలం అంత బాగుంటుందని నమ్మకం. ఆ బొమ్మ పేరు 'బ్యోగ్'. అమ్మకి మాత్రం 'భోగి' అనే వినిపించింది. "ఏప్రిల్‌లో భోగేమిట్రా?" అంటూనే జనంలో వేళ్ల మీద నిలబడి చూసింది. ఆ ఏడు తల పేలడానికి 57 నిమిషాలు పట్టింది. అమ్మ ఒక్కసారి కూడా కూర్చోలేదు. మంట తగ్గాక జనం పొడుగాటి పుల్లలకి సాసేజ్‌లు గుచ్చి నిప్పుల మీద కాల్చుకుంటుంటే, "తేగలుంటే మనమూ కాల్చేవాళ్లం" అని నొచ్చుకుంది.

తిరిగి వెళ్లే రోజు పొద్దున్నే సరస్సు చూస్తానంది. గాలి చల్లగా ఉంది. ఎదురుగా దూరాన మంచుకొండలు తెల్లగా కనిపిస్తున్నాయి. చివరి మెట్టు మీద కూర్చుని, చేతులు ముంచి, "అబ్బో, జిల్లుమంటున్నాయి" అంది. దోసిట్లో నీళ్లు తీసుకుని నెత్తిన చల్లుకుంటూ 'గంగే చ యమునే చైవ' మొదలుపెట్టింది. గోదావరి పేరు కాస్త గట్టిగా పలికింది. కావేరి దాకా వచ్చి ఆగి, నా వైపు తిరిగి అడిగింది.

"ఇందులోంచి వెళ్లే నది పేరేంట్రా?"

"లిమ్మట్, అమ్మా."

"లిమ్మట్" అని కూడా చేర్చి, ఇంకో దోసిలి నా నెత్తిన పోసింది.